పండుకు కంచంలో చోటెంత?

ఏప్రిల్ సగం గడిచేసరికి ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్ చుట్టుపక్కల తోపుడు బళ్ల మీద సఫేదా మామిడి కనిపించడం మొదలవుతుంది. ఢిల్లీవాళ్లు సఫేదా అని కొనుక్కునేది మన బంగినపల్లినే. 2017లో ఆంధ్రప్రదేశ్‌కు భౌగోళిక గుర్తింపు తెచ్చిపెట్టిన రకం అది. జూన్‌లో ఉత్తరప్రదేశ్ నుంచి దసేరీ దిగుతుంది, ఆ వెనక లంగ్డా, వానలు పట్టుకున్నాక చౌసా. మామిడి వెనకబడే వేళకు నేరేడు వస్తుంది. చలి ముదిరేసరికి బళ్లన్నీ జామకాయలే. అరటికీ బొప్పాయికీ ఋతువుతో పనిలేదు. 2020 సెప్టెంబరులో దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు నడిచింది. రాయలసీమ పండుకూ ఢిల్లీ కంచానికీ మధ్య దూరం ఆ రోజుల్లో మరికాస్త తగ్గింది. ఒకప్పుడు వినయ్ నగర్ అనిపించుకున్న ఈ ప్రభుత్వోద్యోగుల కాలనీకి హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడి పేరు పెట్టారు. ఇక్కడా, పక్కనున్న నేతాజీ నగర్, ఆర్.కె.పురం క్వార్టర్లలోనూ బదిలీల మీద వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా కాపురాలు చేశాయి. సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఎయిమ్స్ రెండూ దగ్గరే. నడివయసు దాటిన ఉద్యోగి ఆ ఆసుపత్రుల్లో రక్తపరీక్ష కాగితం చేతికి తీసుకుని ఇంటిదారి పట్టినప్పుడు, బండి మీది పండు ఒక్కసారిగా ప్రశ్న అయి కూర్చుంటుంది. పిండిపదార్థాలు లెక్కపెట్టుకుని తినాల్సినవాడు మామిడి, అరటి, సీతాఫలం వంటి తియ్యటి పండ్లు ముట్టవచ్చా?

తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఒకదానికొకటి ఎదురుబొదురుగా నిలబడి ఉన్నాయి. వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార విధానంలో అన్నం, గోధుమ, చక్కెరలతో పాటు తీపి పండ్లకూ చోటు లేదు. కొబ్బరినూనె వంటి కొవ్వులే శక్తికి ఆధారం. 2017, 2018 సంవత్సరాల్లో రెండు రాష్ట్రాల్లోనూ అది ఎంత ఊపు అందుకుందో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. మంతెన సత్యనారాయణరాజు దానికి అంతకుముందు నుంచే పూర్తిగా వ్యతిరేక దిశలో చెబుతూ వచ్చారు. ఉప్పూ నూనే తగ్గించాలి, పచ్చివి ఎక్కువ తినాలి, సాయంత్రం పెందలాడే పండ్లతో భోజనం ముగించాలి అన్నది ఆయన బోధ. ఇద్దరికీ లక్షల మంది శ్రోతలున్నారు. ఇద్దరి మాటా ఫోన్లలో ఢిల్లీ దాకా వస్తుంది. ఒకే ఇంట్లో భర్త ఒకరి మాటా భార్య ఒకరి మాటా వినే పరిస్థితి ఉంటే, నిర్ణయం చెయ్యాల్సింది సాక్ష్యమే. ఆ సాక్ష్యాన్ని ఒకచోట పోగుచేసి చూస్తే నాకు తేలిన విషయం ఇది: పండు మంచిదా చెడ్డదా అని విడిగా అడిగితే సరైన జవాబు రాదు. ఆ పండు దేనికి బదులుగా వచ్చింది అని అడిగితేనే వస్తుంది.

ముందు సమస్య కొలత చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం, మరో 13 కోట్ల 60 లక్షల మందికి దాని ముందుదశ ఉన్నట్టు అంచనా కట్టాయి. అదే సర్వే ఆధారంగా 2025లో వచ్చిన ఆహార విశ్లేషణ ప్రకారం, భారతీయుడు తీసుకునే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. అందులో పెద్ద వాటా తెల్లబియ్యం, గోధుమపిండి, చక్కెరలది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాల్లో రోజుకు 250 గ్రాముల ధాన్యం, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించింది. ఆ లెక్కలో ధాన్యం నుంచి వచ్చే పిండిపదార్థం, రకాన్ని బట్టి, సుమారు 160 నుంచి 195 గ్రాములు. వంద గ్రాముల మామిడి నుంచి వచ్చేది 15 గ్రాములు. ధాన్యపు వాటాలో పదో వంతు కూడా లేని పండు మీద నిషేధం పెట్టి, మూడు పూటలా అన్నానికి దారి వదిలేసే ఇల్లు లెక్క తలకిందులుగా వేస్తోంది. షుగర్ వచ్చిందని తెలియగానే మన ఇళ్లలో మొదట ఆగిపోయేది మామిడిపండు, రెండోది కాఫీలో చక్కెర. అన్నం ముద్ద మాత్రం చివరిదాకా కదలదు. తీపి నాలుకకు తెలుస్తుంది కాబట్టి దోషి అయింది. అన్నం తియ్యగా ఉండదు కాబట్టి తప్పించుకుంది. పేగుల్లో అరిగేసరికి అన్నంలోని పిండి అంతా గ్లూకోజే. మామిడిలోని చక్కెరలో మాత్రం కొంత భాగమే గ్లూకోజ్.

పండ్లన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యడమూ పొరపాటే. వంద గ్రాముల గుజ్జులో పుచ్చకాయకు ఏడెనిమిది గ్రాముల పిండిపదార్థం ఉంటే, బొప్పాయికి 11, అనాసకు 13, జామకు 14, మామిడికి 15, లిచీకి 16 లేదా 17, సపోటాకు 20, అరటికి, పనస తొనలకు 23, సీతాఫలానికి 23 దాటి ఉంటుంది. మొదటిదానికీ చివరిదానికీ మూడింతల తేడా. పీచు లెక్క వేస్తే బొమ్మ మళ్లీ మారుతుంది. జామలో వందకు అయిదు గ్రాములకు పైగా పీచు ఉంది, సపోటాలో కూడా అంతే, సీతాఫలంలో నాలుగు. మామిడిలోనూ పనసలోనూ ఒకటిన్నర గ్రామే. అందుకని జామను మామిడి పక్కన పెట్టి రెంటికీ పిండిపదార్థం దాదాపు సమానమే అనుకోవడం చాలదు. రక్తంలోకి చేరేది జామలో తక్కువ, నమలడానికి పట్టే సమయం ఎక్కువ, కడుపు నిండడం ముందే. ఢిల్లీ శీతాకాలంలో నల్లుప్పు జల్లి అమ్మే జామకాయ, ఉప్పు సంగతి పక్కన పెడితే, ఈ జాబితాలో అన్నిటికంటే మంచి బేరం అని నా అభిప్రాయం. ఢిల్లీ వంటింట్లో ఫుల్కా రోజూ ఉంటుంది కాబట్టి దాన్నే కొలతగా తీసుకుంటే ఇంకా తేలిక. ముప్పై గ్రాముల పిండితో చేసిన ఒక ఫుల్కాలో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దానికి సాటి వచ్చేది ఒక మాదిరి అరటిపండు, లేదా బంగినపల్లిలో సగం, లేదా రెండు వందల గ్రాముల బొప్పాయి, లేదా మధ్యరకం సపోటా ఒకటి. సీతాఫలమైతే గుజ్జు తొంభై గ్రాములకు మించకూడదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే బాలానగర్ రకం పెద్దకాయ ఒక్కటి తింటే ఈ హద్దు దాటిపోవచ్చు.

రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలతను 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రవేశపెట్టింది. మామిడి, అరటి ఇందులో యాభై చుట్టుపక్కల, అనాస, బొప్పాయి అరవైకి దగ్గరగా, పుచ్చకాయ డెబ్బై దాటి ఉంటాయి. మామూలు తెల్లన్నమూ డెబ్బై దగ్గరిదే. ఈ అంకె ఒక్కదాన్నే పట్టుకుంటే పుచ్చకాయ అన్నంతో సమానమైపోతుంది. అది తప్పు. ఆ అంకె పుట్టేది 50 గ్రాముల పిండిపదార్థం అందేంత తిండి పెట్టి కొలవడం వల్ల. అంత పిండిపదార్థం పుచ్చకాయ నుంచి రావాలంటే ఆరు వందల గ్రాములకు పైగా తినాలి. అన్నమైతే 180 గ్రాములు చాలు. అందుకే తర్వాతి పరిశోధకులు తిన్న మోతాదును కూడా కలిపి లెక్కవేసే పద్ధతి తెచ్చారు. మోతాదు లేని మాట ఏదీ ఈ విషయంలో పనికిరాదు.

ఇక నేరుగా ఢిల్లీలోనే జరిగిన ప్రయోగాల దగ్గరికి వద్దాం. దక్షిణ ఢిల్లీలోని ఫోర్టిస్ సి-డాక్ మధుమేహ ఆసుపత్రికి చెందిన అనూప్ మిశ్రా, సుగంధా కేహర్ తదితరుల బృందం 2025లో రెండు అధ్యయనాలు ప్రచురించింది. మొదటిదాంట్లో 95 మంది పాల్గొన్నారు. వారిలో 45 మందికి టైప్ 2 మధుమేహం ఉంది, 50 మందికి లేదు. వాళ్లకు 250 గ్రాముల సఫేదా, దసేరీ, లంగ్డా మామిడి పెట్టి, అదే శక్తినిచ్చే తెల్ల బ్రెడ్‌తో పోల్చి చూశారు. మామిడి తిన్నాక చక్కెర పెరుగుదల బ్రెడ్‌తో సమానంగానో అంతకంటే తక్కువగానో ఉంది. కొందరికి ఒంటికి అంటించే సెన్సర్లతో రోజంతా కొలిచి చూస్తే, మధుమేహం ఉన్నవారిలో భోజనానంతర హెచ్చుతగ్గులు మామిడితోనే తక్కువగా కనిపించాయి. రెండో అధ్యయనం మరింత సాహసం చేసింది. టైప్ 2 మధుమేహం ఉన్న 35 మందిలో కొందరికి ఎనిమిది వారాలు ఉదయం పూట బ్రెడ్‌కు బదులు 250 గ్రాముల సఫేదా లేదా దసేరీ పెట్టారు. పరగడుపు చక్కెర, మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ, ఇన్సులిన్ నిరోధం, బరువు, నడుము కొలత తగ్గాయి. మంచి కొలెస్టరాల్ కాస్త పెరిగింది. తెలుగు పాఠకుడికి ఇందులో ప్రత్యేక ఆసక్తి ఉంది, ఎందుకంటే పరీక్షకు నిలబడిన సఫేదా మన తోటల్లో పండే రకమే. అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం వారు మధుమేహ ముందుదశలో ఉన్నవారికి 24 వారాల పాటు రోజూ మామిడి ఇచ్చి చూసినప్పుడూ ఇలాంటి ఫలితమే వచ్చింది. అక్కడ మామిడిలో 32 గ్రాముల చక్కెర ఉంది, పోల్చి చూసిన గ్రానోలా బార్‌లో 11 గ్రాములే. అయినా మామిడి పక్షానే మొగ్గు కనిపించింది. దానికి డబ్బిచ్చింది అక్కడి మామిడి వ్యాపార మండలి అన్న సంగతి మరిచిపోకుండా ఆ ఫలితాన్ని చదవాలి.

ఢిల్లీ ఫలితాలు వచ్చినప్పుడు పత్రికల శీర్షికలు మామిడి షుగర్‌ను తగ్గిస్తుందన్నట్టు రాశాయి. అధ్యయనం చెప్పింది అది కాదు. ముప్పై అయిదు మందంటే చాలా చిన్న గుంపు. ఎనిమిది వారాలంటే చాలా తక్కువ కాలం. పైగా పరీక్షలో ఉన్నానని తెలిసినవాడు మిగతా తిండి విషయంలోనూ జాగ్రత్తపడతాడు. వీటన్నిటికంటే నాకు బలంగా తోచే అభ్యంతరం మరొకటి. బ్రెడ్‌ను ఓడించడం పెద్ద విజయమేమీ కాదు. పీచు లేని మైదా ముక్కలతో పోటీపెడితే చాలా తిండ్లు గెలుస్తాయి. మామిడి ఎదుట పెసరట్టును నిలబెట్టి ఉంటే ఏమయ్యేది? పెసలలో పిండిపదార్థంతో పాటు మాంసకృత్తులూ పీచూ దండిగా ఉన్నాయి. ఉదయం పెసరట్టు తినేవాడు దాన్ని మానేసి మామిడి తింటే లాభపడతాడని ఈ అధ్యయనం నుంచి తీర్మానించడానికి వీల్లేదు. ఇంత చెప్పినా, ఆ అధ్యయనం ఒక విషయాన్ని గట్టిగా నిలబెట్టింది: సమాన శక్తినిచ్చే శుద్ధి చేసిన పిండి స్థానంలో మామిడి వస్తే హాని జరగలేదు. మామిడి అంటేనే విషమన్న మాటను కూల్చడానికి అంత చాలు. మామిడే మందన్న మాటను నిలబెట్టడానికి చాలదు.

ఇక్కడే తెలుగు భోజనపు అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. దాన్ని దాటకుండా ఈ చర్చ ముందుకు పోదు. మనకు పండు విడిగా తినే తిండి కాదు, చాలా ఇళ్లలో అది భోజనానికి ముగింపు. పప్పన్నం, కూర, చారు అయ్యాక పెరుగన్నంలో మామిడి ముక్కలు నంజుకోవడం, రసాలైతే పిండుకుని కలుపుకోవడం, మామిడి లేని రోజుల్లో అరటిపండు చిదిమి కలుపుకోవడం మన వేసవి వైభవం. దాన్ని ఎవరూ చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే లెక్క చూడండి. ఒక పూట మొత్తం మూడు వందల గ్రాముల అన్నం తింటే, వంద గ్రాముల అన్నంలో 28 గ్రాముల చొప్పున 84 గ్రాముల పిండిపదార్థం. దాని మీద ఒక మామిడి, రెండు వందల యాభై గ్రాముల గుజ్జు, మరో 37. పప్పు, పెరుగులలో ఉన్నది కలపకముందే 120 దాటింది. రోజంతటికీ 130 గ్రాముల లోపు ఉంటే దాన్ని తక్కువ పిండిపదార్థపు ఆహారం అని వైద్యులు అంటున్నప్పుడు, ఆ రోజుటి మొత్తం ఒక్క పూటలో ఖర్చయిపోయింది. ఢిల్లీ ప్రయోగంలో మామిడి బ్రెడ్ స్థానంలో వచ్చింది. మన ఇంట్లో అది అన్నం మీదికి వచ్చింది. రెండూ ఒకే మామిడి, ఒకే తూకం, కాని శరీరంలో జరిగేది వేర్వేరు. కాబట్టి చెయ్యాల్సిన మార్పు పండు దగ్గర కాదు, పెరుగన్నంలోని అన్నం దగ్గర. పెరుగు అలాగే ఉంచి, అన్నం తీసేసి, నూట యాభై గ్రాముల మామిడి ముక్కలు వేసుకుంటే ఆ చివరి వాయికి పెరుగుతో కలిపినా పాతిక, ముప్పై గ్రాముల లోపే. పండు నిలిచింది, రుచి నిలిచింది, లెక్కా కుదిరింది. ఇది త్యాగమేమీ కాదు. పెరుగూ మామిడీ అన్నం లేకుండా కూడా ఒకదానికొకటి చక్కగా సరిపడే తిండ్లు.

పిండిపదార్థాలు పూర్తిగా మానాలనే పక్షం దీనికి ఒప్పుకోదు. వాళ్ల వాదన బలహీనమైనదేమీ కాదు. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గుతుందన్నది నిజం. 2019లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ విడుదల చేసిన నివేదిక కూడా చక్కెర అదుపుకు అన్నిటికంటే ఎక్కువ సాక్ష్యం ఉన్న మార్గం మొత్తం పిండిపదార్థాల తగ్గింపే అని ఒప్పుకుంది. రోజుకు 20 నుంచి 50 గ్రాముల హద్దు పెట్టుకున్నవాడికి ఒక అరటిపండే సగం కోటాను తినేస్తుంది. అంత గట్టి నియమంలో ఉన్నంతకాలం అతనికి పచ్చికొబ్బరి, అవకాడో, నిమ్మ, కాస్త బొప్పాయి తప్ప ఉష్ణమండలపు పండ్లు దాదాపు కుదరవని ఒప్పుకోవాలి. అయితే ఆ హద్దు అందరికీ అవసరమా? ఇండియాబ్ బృందమే 2022లో లెక్కలు వేసి, కొత్తగా మధుమేహం బయటపడినవారు దాన్నుంచి బయటపడేందుకు పిండిపదార్థాల వాటాను 49 నుంచి 54 శాతం మధ్యకు దించి, మాంసకృత్తులను 20 శాతం దాకా పెంచుకోవాలని సూచించింది. ఇప్పుడున్న 62 నుంచి 54కు దిగడానికి పండు మానక్కర్లేదు. రోజూ ఒకటి రెండు హస్తాల అన్నం తగ్గించి ఆ స్థానంలో పప్పో పెరుగో గుడ్డో పెంచుకుంటే చాలు. ఏళ్ల తరబడి పాటించగల నియమమే రోగిని కాపాడుతుంది. మామిడి కాలం వచ్చిన ప్రతిసారీ తెగిపోయే నియమం కంటే, మామిడికి ముందే చోటు రాసిపెట్టుకున్న నియమం ఎక్కువకాలం నిలుస్తుందని నేను నమ్ముతున్నాను.

పండు తిన్నవారికి దీర్ఘకాలంలో ఏం జరుగుతుందన్న దానికి పెద్ద అధ్యయనాలున్నాయి. చైనాలో అయిదు లక్షల మంది మీద సుమారు ఏడేళ్లు సాగిన కడూరీ బయోబ్యాంక్ పరిశీలన 2017లో వెలువడింది. రోజూ తాజా పండు తినేవారిలో కొత్తగా మధుమేహం రావడం, తిననివారితో పోలిస్తే 12 శాతం తక్కువ. అప్పటికే మధుమేహం ఉండి వారంలో మూడు రోజులకు మించి పండు తిన్నవారిలో మరణాలు 17 శాతం తక్కువ. ఎదురుప్రశ్న వెంటనే వస్తుంది. పండు కొనుక్కోగలవాడు డబ్బున్నవాడు, వైద్యం దొరికేవాడు, పైగా చైనాలో ఎక్కువగా తినేది ఆపిల్, బేరి వంటివి కదా అని. మొదటి అభ్యంతరానికి పరిశోధకులు ఆదాయం, చదువు, పొగతాగడం వంటివాటిని లెక్కలోకి తీసుకుని సరిచేశారు. అయినా పరిశీలన పరిశీలనే, ప్రయోగం కాదు. రెండో అభ్యంతరానికి 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన హార్వర్డ్ విశ్లేషణ కొంత జవాబిస్తుంది. లక్షా ఎనభై వేలకు పైగా అమెరికన్లను గమనించిన అందులో, వారానికి మూడుసార్లు చొప్పున తినే అరటిపండుకు మధుమేహ ముప్పు 5 శాతం తక్కువగా కనిపించింది. పండ్లరసానికి 8 శాతం ఎక్కువ. కర్బూజాకు కూడా ముప్పు ఎక్కువగానే తేలింది. అంటే పండ్లన్నీ ఒకే ఒరవడిలో నడవవు, గ్లైసీమిక్ ఇండెక్స్ ఒక్కటే దాన్ని నిర్ణయించదు. ఈ అంకెల మీద ఇల్లు కట్టుకోలేం, కాని మొత్తం మీద పండు తినడం వల్ల మధుమేహం పెరుగుతుందన్న భయానికి వీటిలో ఆధారం దొరకదు.

రసం సంగతి వేరు. అక్కడ రాజీ పడే అవకాశం నాకు కనిపించదు. సరోజినీ నగర్ బజారులో మధ్యాహ్నపు ఎండలో చేతికందేవి మామిడి షేకు, అరటి షేకు, బత్తాయి రసం, చెరకు రసం. గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పిండుతారు. తినమంటే ఒక కాయతో ఆగిపోయే మనిషి తాగమంటే నాలుగు కాయల చక్కెర రెండు నిమిషాల్లో లోపలికి పంపిస్తాడు, పీచు పిప్పిలో మిగిలిపోతుంది. షేకులో పాలు ఉన్నాయన్న ఓదార్పు చక్కెర గరిటెలు పడ్డాక మిగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో గీత గీసింది సరిగ్గా ఇక్కడే. మొత్తం పండులో ఉన్న చక్కెరను హద్దు పెట్టాల్సిన చక్కెరల్లో లెక్కించలేదు, రసంలోకి వచ్చిన దాన్ని లెక్కించింది. పండు చక్కెరలో ఫ్రక్టోజ్ ఉంది కదా, అది కాలేయంలో కొవ్వుగా మారదా అని అడిగేవారికీ జవాబు ఇందులోనే ఉంది. శీతలపానీయాల్లో, రసాల్లో ధారగా వచ్చే ఫ్రక్టోజ్ గురించిన భయం న్యాయమైనది. పీచుతో, నీటితో కలిసి నెమ్మదిగా వచ్చే సగం మామిడిలోది సుమారు పది గ్రాములే. ప్రకృతి సిద్ధం కాబట్టి ఎంతైనా తినవచ్చు అనేవారి మాట కూడా ఇక్కడే ఆగిపోవాలి. ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ ప్రకృతి సిద్ధమే, కాని నీరు పోయాక గుప్పెడులో ఒక భోజనమంత చక్కెర ఇముడుతుంది.

మన వంటలోనే ఉండి మనం గమనించని మార్గం మరొకటి ఉంది. అది పండు కాని కాయ. ఉష్ణమండలపు పండ్లలో సగం మన వంటింట్లోకి పచ్చివిగానే వస్తాయి. మామిడికాయ పప్పు, అరటికాయ వేపుడు, బొప్పాయికాయ కూర, గోదావరి జిల్లాల పనసపొట్టు కూర. పచ్చి అరటిలో ఉన్నది ఎక్కువగా పిండి. అందులో కొంతభాగం చిన్నపేగుల్లో అరగకుండా పెద్దపేగుదాకా వెళ్లి పీచులా పనిచేస్తుంది. పండేకొద్దీ అది చక్కెరగా మారుతుంది. కూర వండితే ఆ అరగని భాగం కొంత తగ్గుతుంది. అయినా అరటికాయను అన్నంలోకి కూరగా కాక అన్నం తగ్గించుకునే సాధనంగా వాడవచ్చు. పనసకాయ విషయంలో శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో జరిగిన ప్రయోగం 2021లో ప్రచురితమైంది. టైప్ 2 మధుమేహం ఉన్న 40 మందిలో ఒక గుంపుకు రోజూ 30 గ్రాముల పచ్చి పనస పిండిని, బియ్యానికో గోధుమకో బదులుగా, 12 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏ పిండి ఇచ్చారో రోగులకూ వైద్యులకూ తెలియకుండా జరిపారు. పనస పిండి తిన్నవారిలో హెచ్‌బీఏ1సీ సుమారు పావు శాతం తగ్గింది, మిగతావారిలో తగ్గలేదు. ఆ పిండిని తయారుచేసే వ్యాపారి కూడా వ్యాసకర్తల్లో ఉన్నారు కాబట్టి, సంబంధం లేనివారు మళ్లీ చేసి చూసేదాకా నేను దాన్ని ఆశగానే లెక్కిస్తాను. ఇక్కడ కూడా గమనించాల్సిన మాట ‘బదులుగా’ అన్నదే. పనస పిండి అన్నం మీద చల్లుకునే పొడి కాదు.

నేరేడు గురించి ఒక మాట. కర్తవ్య పథ్ పక్కన వరుసగా పెరిగిన నేరేడు చెట్ల కింద జూన్ చివర నుంచి కాయలు రాలిపడతాయి. ఢిల్లీలో షుగర్ ఉన్నవాళ్లు వాటిని మందుగా కొనుక్కుంటారు, గింజల పొడి దాచుకుంటారు. నేరేడు తినదగిన మంచి పండే. కాని గింజల పొడి మాత్రలకు బదులవుతుందని చెప్పగల గట్టి మానవ ప్రయోగాలు లేవు. బ్రెజిల్‌లో నేరేడాకు కషాయం మీద జరిగిన పరీక్షలో చక్కెర తగ్గలేదు.

ఒకరికి సరిపోయింది మరొకరికి సరిపోకపోవచ్చు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2015లో 800 మందికి సెన్సర్లు పెట్టి చూస్తే, ఒకే తిండికి మనిషి మనిషికీ చక్కెర పెరుగుదల చాలా తేడాగా కనిపించింది. అందుకే ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది: మామూలు టిఫిన్ తిన్న రోజు తినకముందు, తిన్న రెండు గంటలకు కొలవండి, అందులో ఒక ఇడ్లీయో ఫుల్కాయో తీసేసి పండు చేర్చిన మరోరోజు అలాగే కొలవండి. రెండుమూడు సార్లు చేస్తే మీ శరీరం మాట మీకు తెలుస్తుంది. ఇన్సులిన్ గాని, క్లోమం నుంచి ఇన్సులిన్‌ను పిండే మాత్రలు గాని వాడేవారు పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాళ్లు వైద్యుణ్ని అడిగే మార్పు మొదలుపెట్టాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి లెక్క పూర్తిగా వేరు. అరటి, కొబ్బరినీళ్లలోని పొటాషియమే వాళ్లకు శత్రువు, నక్షత్రఫలమైతే ముట్టకూడదు.

ఇంత సాక్ష్యం ఉన్నా మన కంచం గురించి నేరుగా చెప్పే పరీక్ష ఒకటి జరగాల్సి ఉందని నా పట్టు. ఢిల్లీ బృందం బ్రెడ్ పెట్టిన చోట పెరుగన్నం పెట్టాలి. ఒకరోజు పెరుగన్నం, ఒకరోజు పెరుగన్నంతో మామిడి, ఒకరోజు అన్నం లేకుండా పెరుగూ మామిడీ, అదే మనుషులకు, సెన్సర్లతో. బంగినపల్లితో పాటు రసాలు, చక్కెరకేళి, అమృతపాణి, బాలానగర్ సీతాఫలం కూడా పరీక్షలో ఉండాలి. 2017లో దేశపు ఆహార పదార్థాల పోషకాల పట్టికను తయారుచేసి ఇచ్చిన హైదరాబాదు సంస్థకు ఇది చేతకాని పని కాదు. మామిడి నాలుగు నెలలే దొరుకుతుంది కాబట్టి, మార్చికల్లా రోగులను ఎంచుకుని అనుమతులు సిద్ధం చేసుకుంటే ఒక్క వేసవిలో పూర్తవుతుంది.